కొసరు

ఆ చలికాలం కుతాయిసిలో కరెంటు లేదు, గ్యాసు లేదు.
ప్రభుత్వం కూడా లేదని
పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునేవారు,
ఇంట్లో ఎవరో పోయినట్టు.
కర్ర ఉన్నవాడిదే బర్రె.
కర్రల బదులు తుపాకులుండేవి,
బర్రెల బదులు రొట్టెలు.

నాకు తొమ్మిదేళ్లు.
ఊదారంగు పెన్సిల్ ఉమ్మితో తడిపి
అరచేతిలో రాసిన అంకె, రెండువందల పన్నెండు.
తెల్లవారుజాము మూడింటి నుంచీ
నా ముందు రెండువందల పదకొండు వీపులు.
రియోని నది మీంచి వచ్చే గాలికి మాత్రం వరస లేదు,
అందరినీ ఒకేసారి కోసేది.

ఏడింటికి ఇసిదోర్ తాత వచ్చేవాడు,
మెడకు మఫ్లరు, చంకలో చేతిరుమాలు మూట.
మూటలో ఇత్తడి కిలోరాయి.
తూనికల శాఖలో ముప్పై ఒక్కేళ్లు ఇన్‌స్పెక్టరు.
శాఖకు తాళం పడింది, జీతం ఆగి పద్నాలుగు నెలలు.
రాయి అడుగున ముద్ర వేసిన దేశం
పటంలోంచే లేచిపోయింది.
"దేశం పోతే పోయింది," అనేవాడు,
"కిలో పోలేదుగా."

మా ముత్తాతను అర్ధరాత్రి తీసుకెళ్లిన కాగితం మీద
అదే ముద్ర ఉండేదట.
నానమ్మ ఆ రాయి వంక చూసేది కాదు.
ఆమెది తప్పని ఈనాటికీ అనలేను.

లామారా తిట్టుకుంటూ తన రాళ్లు పక్కకు జరిపేది.
ఆయన తన రాయి పళ్లెంలో పెట్టేవాడు.
మొదటి రొట్టెకు ముల్లు ఊగి ఊగి నిలబడేదాకా
అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం.
అంత నిశ్శబ్దం నేను చర్చిలోనూ వినలేదు.

ఒకరోజు గొచా వచ్చాడు. మా వీధివాడే,
నిరుడు మా అంజూరాలు దొంగిలించి దొరికిపోయినవాడే.
ఇప్పుడు భుజాన తుపాకి.
వరస తనంతట తనే పాయలుగా విడిపోయింది.
ఆరు రొట్టెలు, అన్నాడు.
ఇసిదోర్ తాత కదల్లేదు.
"అంకె చూపించు."
తుపాకి చూపించాడు.
"అది అంకె కాదు నాయనా."

కథల్లో అయితే వాడు తల దించుకుంటాడు.
వాడు తాతను తోశాడు, రొట్టెలు తీసుకున్నాడు, వెళ్లాడు.
రాయి దొర్లి గడప దాటి
మంచులో గుండ్రంగా గుంట చేసుకుని కూర్చుంది.

ఇక మీద పడి పీక్కోవడమే అనుకున్నాను.
నిజం చెప్పాలంటే, నా కాళ్లు అప్పటికే ముందుకు కదిలాయి.
లామారా తలుపు మూయబోతోంది.
అప్పుడు వెనక నుంచి ఎవరిదో బొంగురు గొంతు,
"నూట నలభై ఆరు!"
తర్వాతి అంకె అదే.

నూట నలభై ఆరు నిండు చూలాలు.
కష్టంగా వంగి, రాయిని పైకి తీసి,
కోటు అంచుతో తుడిచి పళ్లెంలో పెట్టింది.
అంతే.
విడిపోయిన పాయలు మళ్లీ వరసయ్యాయి.
తాత గోడకు ఆనుకుని మోచేతి రక్తం తుడుచుకుంటూ
ముల్లు వంకే చూస్తున్నాడు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది.
అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద ఎర్ర దీపానికి ఆగినప్పుడు
ఆ గొంతు ఎవరిదా అని ఆలోచిస్తుంటాను.

మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం.
ముప్పై గ్రాములు తక్కువ తూగింది.
లామారా కసురుకుంటూనే వేలెడు ముక్క కోసి పైన పడేసింది.
కొసరు.
ఇంటికి చేరేలోపు దాన్ని తినేయడం
రొట్టె మోసుకెళ్లే పిల్లల హక్కు.
ఆ సంగతి ఎక్కడా రాసి లేదు.
ఎవరూ తప్పలేదు.