గట్టెత్తు

నెల్లిమర్లలో మిల్లు రెండో సైరన్ కూసే వేళకి
పునాది మీద ముగ్గుపిండితో
మా వంటిల్లుని వెల్లకిలా పడుకోబెట్టాడు అసిరయ్య.
ఎనిమిదడుగులు ఇటు, పదడుగులు అటు.
గుమ్మం దగ్గరికొచ్చేసరికి పిండి అయిపోయింది.

"గట్టు ఎంతెత్తు ఎట్టమంతారమ్మా?"
చెవిమీది పెన్సిల్ తీస్తూ అడిగాడు.

నేను మా ఆయన వేపు చూశాను.
ఆయన వాళ్ళమ్మ వేపు చూశాడు.
ఇరవై రెండేళ్ళుగా వండుతున్నాను,
ఎంతెత్తులో వండుతావని
ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.
నేల ఎంతెత్తుంటే అంత.

"నిలబడి వండిన కూడు ఒంటికి పట్టదు"
అంది దాలమ్మత్త,
మోకాళ్ళు రెండూ అరచేతుల్లో పట్టుకుని
లేవదీసే మనిషి కోసం ఎదురుచూస్తూ.

ఢిల్లీశ్వరి టేపు లాక్కుంది.
మూడడుగులంది. దాని మోచేయి దానిది.
మిక్సీకొకటి, ఫ్రిజ్జుకొకటి, ఫోనుకొకటి,
ఇంకా లేవని గోడకి
గాల్లోనే మూడు ప్లగ్గులు బిగించేసింది గుంట.

నారంనాయుడు మాత్రం మాట్లాడడే.
మిల్లు లాకౌటైన పద్నాలుగు నెలలు
నేను దర్జీ కొట్టులో కాజాలు కుడుతుంటే
నెత్తళ్ళు ఇసక పోయేదాకా కడగడం,
చోడంబలి ఉండ కట్టకుండా కాయడం నేర్చిన మనిషి.
గేటు తెరిచిన మర్నాటి నుంచి
అన్నీ మరిచిపోయిన మనిషి.
"నాకేటి తెల్సు" అన్నాడు గానీ,
అందరం ఆగ్నేయం మూల గురించి మాట్లాడుకుంటుంటే
ఒక పక్కకి తిరిగి, నడుం కొంచెం వంచి,
లేని గట్టు మీద
లేని ఉల్లిపాయ తరిగి చూసుకున్నాడు.

అసిరయ్య చూడనట్టే
సిమెంటు బస్తాలు లెక్కపెట్టాడు.

"ముప్పై రెండంగుళాలు" అన్నాడు మా ఆయన మెల్లగా.
"అయితే నడుం పట్టీదు."

అత్త ఏదో అనబోయి ఊరుకుంది.
గట్టు కింద ఒక మూల అరలు కట్టొద్దన్నాను,
పీట పట్టేలా, పక్కన సన్నికల్లు పట్టేలా.
దానికీ ఏమీ అనలేదు.

ఇక పడమటి గోడ.
అక్కడ కిటికీ కావాలంటే నవ్వాడు అసిరయ్య.
"అటేపు పోలమ్మోలి గోడ కదేటి,
సెయ్యి పట్టే సందు.
గాలి రాదు, ఎలుగు రాదు, దేనికమ్మా?"

దేనికంటే,
తాటాకు దడి ఉన్న రోజుల్లో అందులో ఒక కంత ఉండేది.
ఆవ పెట్టిన పనసపొట్టు కూర
ముందు ఘాటు వచ్చి, వెనక గిన్నె వచ్చేది.
ఇచ్చిన గిన్నె వట్టిది పంపకూడదు.
లాకౌటు నెలల్లో ఇంట్లో ఏమీ లేక
నాలుగు కరివేపాకు రెబ్బలు వేసి పంపేదాన్ని.
ఆ చెట్టూ పోలమ్మదే.
తనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇదంతా మేస్త్రీకి ఏం చెప్తాను?
కిటికీ వద్దులే, ఇటికలు కొన్ని మానెయ్ అన్నాను.
"ఎన్ని?"
లోపలికెళ్ళి సత్తు గిన్నె తెచ్చి
గోడ రావలసిన చోట పట్టుకుని నిలబడ్డాను.
వెడల్పు తొమ్మిదంగుళాలు, ఎత్తు నాలుగున్నర,
రాసుకున్నాడు.

"ఎనిమిదెట్టరా" అంది అత్త వెనకనుంచి.
"పోలమ్మ గోపురంలా ఏసి పంపుద్ది."

అప్పటిదాకా బట్టలారేస్తున్నట్టున్న గొంతు
సందు అవతలనుంచి లేచింది:
"ఓలమ్మా, మీ గోడకి కంత ఎట్టుకుంతారు సరే,
నా గోడ ఎవులు పొడుస్తారే?"

ఆ రాత్రి గాలికి పిండి గీతలు సగం లేచిపోయాయి.
పొద్దున్న మళ్ళీ గీయాలి.
ముప్పై రెండు మాత్రం
అసిరయ్య తన ముంజేతి మీద
రాసుకుని వెళ్ళాడు.