గజాలూ మూరలూ

చౌడేశూ,
ఆట నడుస్తుండగా నీ ముఖం నేనెప్పుడూ చూడలేదు.
రెండు సీజన్లు నీకు ముందు పరిగెత్తాను,
అడ్డొచ్చినవాణ్ణి గుద్ది పడేయడం నా ఉద్యోగం.
నాకు తెలిసిందల్లా నీ ఊపిరి.
వెనకనుంచి వచ్చి, ఎడమ చెవి దగ్గర ఒక్క క్షణం ఆగి
ఇక ఉండేది కాదు.
ఆపైన జనం అరుపు. నేను మట్టిలో.

యలహంక అవతల అద్దె గ్రౌండు.
హెల్మెట్లు అమెరికానుంచి, ఎవరో వాడేసినవి.
నీదాన్లో ఒక పేరుండేది, బ్లేడుతో గీకినా పోలేదు.
"వీడెవడో నా తలలో అద్దెకున్నాడప్పా" అనేవాడివి.
బంతిని మాత్రం కోడిపెట్టలా చంకన ఇరికించేవాడివి.
హొసకోటె సంతలో మీ అమ్మ నేర్పిన పట్టు అది,
కోచ్ నేర్పాడని పేపర్లో రాశారు.

నాలుగు ప్రయత్నాలు, పది గజాలు.
మళ్ళీ నాలుగు, మళ్ళీ పది.
మొత్తం పదకొండు వందల పన్నెండు గజాలు పరిగెత్తావు.
"అందులో ఒక్క గజమైనా రిజిస్టరయిందా?"
అని మా నాయన అడిగాడు.

మోకాలు వానరోజు పోయింది, ఎవరూ తాకకుండానే.
నేను తోసి తెరిచింది కుడివైపు.
నువ్వు ఎడమకు తిరిగావు.
తడిగుడ్డ చింపిన చప్పుడు.
లీగు ఆ తర్వాత మూడు వారాలు బతికింది.
చెల్లని ఆఖరి చెక్కును నేను లామినేషన్ చేయించుకున్నాను.

నిన్న తెల్లారుజామున నాలుగింటికి
చెల్లెలి బిడ్డ బారసాలకు పూలకోసం కె.ఆర్. మార్కెట్ కొచ్చాను.
కాలికింద బురద, అరటాకులు, నిద్రమొహాలు.
"దారీ, దారీ" అని వెనక ఎవరో.
ఆ మాటకంటే ముందు ఊపిరి అందింది.
నా భుజం నన్నడక్కుండానే వంగింది.
చామంతి మూటలవాణ్ణి, టీ కుర్రాణ్ణి, ఒక స్కూటర్ని
పక్కకు నెట్టాను.
తిట్లు పడ్డాయి, కన్నడంలో రెండు, తమిళంలో ఒకటి.
ఎడమ చెవి దగ్గర ఆగావు.
నెత్తిన కనకాంబరాల గంపతో, కాలీడ్చుకుంటూ
సందులోంచి దాటావు.
తిరిగి చూడలేదు.
చూస్తే పట్టుబడతావని నువ్వే కదా చెప్పింది.

పూలావిడ చెయ్యి చాచి అడిగింది: "ఎన్ని మూరలు?"
"పది గజాలు."
నన్నోసారి ఎగాదిగా చూసి నవ్వి
ఇరవై మూరలు మోచేతికి కొలిచింది,
కొసరుగా ఇంకో అర.
డబ్బులిచ్చి తలెత్తేసరికి
నువ్వు ఖాళీ గంపతో లారీ వైపు పోతున్నావు.
మొదటిసారి చూశాను నీ వీపు,
చొక్కా మీద అంకె లేదు.