కౌంటు

లోసరి దాటాక, ఉప్పుటేరు గాలి తగిలే చోట
ఐసు ఫ్యాక్టరీ పక్కన మా రొయ్యల షెడ్డు.
కాటా దగ్గర పుస్తకం రాయడం నా పని.
కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు,
వంద తూగితే వంద.
అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటూ చిన్నది.
కొత్తలో ఇది నా తలకెక్కలేదు.
ఎంతమంది ఎక్కువ పడితే అంత తక్కువవాళ్ళన్న లెక్క
బడిలో ఎవరూ చెప్పలేదు మరి.

కొల్లాటి పల్లాలమ్మకి
బోర్లించిన ట్రే మీద నిలబడితే గాని బల్ల అందదు.
తల తీయడంలో మాత్రం ఆవిడ చేతికి ఎదురు లేదు.
బొటనవేలితో ఒక్క నొక్కు
తల ఇటు, ఒళ్ళు అటు.

ఆ రాత్రి సరుకు చూడ్డానికి వచ్చిన కంపెనీ కుర్రాడు
పక్కవాడితో ఇంగ్లీషులో అన్నాడు,
ఆ ట్రే మీది ష్రింప్‌ని కాస్త జరగమను, అని.
ఇద్దరూ నవ్వుకున్నారు.

"నన్నేనాండీ, ఏదో అన్నాడు?"
రొయ్య అన్నాడు, అని చెప్పాను.
అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.
"రొయ్యకేం తక్కువండీ, బారెడు మీసం.
ఆ అబ్బాయికింకా మొలవనే లేదు."
ఈసారి షెడ్డంతా నవ్వింది.

మర్నాడు డిక్షనరీ తీశాను,
భీమవరంలో కాగితాల బరువుకి కొన్నది, అట్ట లేనిది.
ఒకటో అర్థం, నీళ్ళలో జీవి.
రెండోది, అర్భకుడు, పొట్టివాడు, లెక్కలోకి రానివాడు.
ఏది ముందో ఏది వెనకో తేల్చలేదు.
ఆరువందల ఏళ్ళ కిందటే రెండూ కలిసి తిరిగాయిట.
వేరు ఎక్కడో చలిదేశాల్లో ఉండొచ్చని ఊహ:
ముడుచుకుపోవడం, ముడతలు పడటం.

మన చిన్న మాటలు అలాంటివి కావనుకున్నాను.
ఇసుమంత అంటే ఏటి ఇసుక.
రవ్వంత అంటే పొయ్యిలోంచి ఎగిరి ఆరిపోయేది.
కూసింత పులుసు పొయ్యమంటే ఎవరూ నొచ్చుకోరు.
అలా అనుకుంటూనే గుర్తొచ్చింది,
మన దగ్గరా ఉంది కత్తి.
చిన్నబుచ్చడం. కొంచెపరచడం.
పొట్టిని పొట్టి అనడం వేరు,
నిండు మనిషిని నిలబడ్డ చోటే కురచ చెయ్యడం వేరు.
మొహం చిన్నబోయింది అంటాం.
ఏ కాటాకీ అందని తరుగు అది.

పల్లాలమ్మ మొహం చిన్నబోలేదు, నేను చూశాను.
చిన్నబోయింది వేరే మొహం,
కాటా స్టీలు పళ్ళెంలో, తడి కింద,
నాది.

తెల్లారగట్ల నాలుగున్నర.
వేలిముద్ర మిషను ఆవిడని గుర్తుపట్టలేదు.
రాత్రంతా ఐసునీళ్ళలో నాని
వేళ్ళు తెల్లబడి, ముడతలుపడి, గీతలు ఎటో పోయాయి.
వేలు చీరకి తుడిచింది, ఊది చూసింది,
చంకలో పెట్టుకుని కాసేపు నిలబడింది.
ఎర్ర లైటు. మళ్ళీ ఎర్ర లైటు.
పుస్తకాల వాళ్ళు ఊహించి వదిలేసిన వేరు
ఇదిగో ఇక్కడుందని ఎవరికి ఉత్తరం రాయను?
ఆ మాట ఎత్తుకి కాదు,
ఈ పది వేళ్ళకి సరిపోయింది.

నాలుగోసారికి పచ్చ లైటు వెలిగింది.

ఆటో కోసం బయట
ఖాళీ అట్టపెట్టెల కట్ట మీద కూర్చుంది.
పెట్టె మీద పెద్దక్షరాలు, జంబో ష్రింప్.
అంటే ఏంటండీ అంది.
పెద్ద చిన్నది, అన్నాను.
"ఇదేం భాషండీ బాబూ!"
కాళ్ళు నేలకి ఆనక ఊగుతున్నాయి.
ఒక చెప్పు జారి పడింది, తీసుకోలేదు.

ఆటో వచ్చింది. ముందు ముగ్గురు, వెనక పదకొండుమంది,
ఒళ్ళో ఒకరు, కమ్మీ పట్టుకుని ఒకరు.
లోపల్నుంచి పల్లాలమ్మ గొంతు:
"రాసుకోండి గుమస్తాగారూ,
ఆటోకి పద్నాలుగు కౌంటు!"

పుస్తకం తెరిచే ఉంది.
ఏ గడిలో రాయాలో తెలియలేదు.