కిటికీ పక్క మూల

గోడలకు చెవులుంటాయని ఎవరన్నారో గాని
ఇరవై ఏళ్లుగా గోడలతోనే నా కాపురం,
నేను చూసినవన్నీ నోళ్లే.
అన్న మాట అన్నట్టే తిరిగి అప్పజెప్పే నోళ్లు.
వాటికి చెవులు కుట్టడం నా పని.
బతూమిలో ఒక పంటి డాక్టరు గది,
ఓ బడిలో భోజనాల హాలు,
ఇప్పుడు కుతాయిసిలో ఇది:
రియోనీ నది ఒడ్డున నాలుగో అంతస్తు,
లిఫ్టు చెడి ఏడాది.

చెక్క చట్రాలు నేను మోశాను.
ఉన్ని బస్తాలు గురామ్ మోశాడు,
మలుపు మలుపుకీ ఆగి
"గొర్రెల్నే తోలుకొస్తే నడిచి ఎక్కేవి కదా" అంటూ.

ఖాళీ గది. ఒక్క చప్పట కొట్టాను.
టప్. ఆ వెనకే టపటపటపటప,
రేకు మీద ఒలికిన బఠాణీల్లా.
ఇదీ రోగం అన్నాను.
జవూర్ నవ్వాడు:
"ఇన్నాళ్లూ మాకు చప్పట్లు కొట్టింది ఇదొక్కటే."

తర్వాత అద్దం.
జవూర్‌ని కుర్చీలో కూర్చోబెట్టి
గోడ వెంబడే అద్దం జరుపుకుంటూ పోయాను.
"స్పీకరు కనబడగానే చెప్పు."
ఇంకాస్త. ఇంకాస్త. "ఆఁ, అక్కడ!"
పెన్సిలుతో ఇంటూ గుర్తు.
శబ్దమూ వెలుగులాంటిదే, తగిలిన చోట దారి మళ్లుతుంది.
ఆ మలుపులో ఓ దిండు కాచుకుని ఉండాలి.

నాలుగు వేళ్ల మందం ఉన్ని, పైన ముతక నారగుడ్డ,
పలకకీ గోడకీ నడుమ పిడికెడు ఖాళీ.
ఆ ఖాళీ కూడా పనిచేస్తుంది,
దానికి కూలి ఇవ్వక్కర్లేదు.

సాయంత్రానికి పది పలకలు.
చప్పట కొడితే ఒక్కటే చప్పుడు, తిరుగు టపా లేదు.

మూలలు మిగిలాయి.
మంద్రస్వరాలు మూలలకే చేరతాయి,
ఊడ్చే కొద్దీ దుమ్ము చేరినట్టు.
కిటికీ పక్క మూల మరీను,
ఒక్క స్వరం దగ్గర గదంతా తేనెపట్టులా గుమ్మనేది.
నేల నుంచి కప్పుదాకా ఉన్ని దట్టించాను.
నా చేతిలో అంత పొందిగ్గా కుదిరిన మూల ఇంకోటి లేదు.

"ఇప్పుడు పాడండి."

వాళ్ల పాట మూడు గొంతులది. నిలబడింది ఇద్దరే.
మూడోవాడు వాజా, అడుగు గొంతు,
నిరుటి చలికాలం పోయాడట.
నాకెవరూ చెప్పలేదు.
గురామ్ ఎత్తుకున్నాడు, జవూర్ అందుకున్నాడు,
రెండో చరణంలో ఇద్దరూ ఒకేసారి
కిటికీ మూలకేసి తిరిగారు,
పిలిస్తే పలకని మనిషి వంక చూసినట్టు.
ఆగిపోయారు.

"ఇక్కడుండేవాడు" అన్నాడు గురామ్.
జవూర్ ఉన్ని మీద అరచెయ్యి ఆనించి తీశాడు.

నాకు లెక్కలు తెలుసు.
గది పొడవెంత, గాలిలో శబ్దం వేగమెంత,
ఏ స్వరం ఎక్కడ పేరుకుంటుందో కాగితం మీద వేసి చూపగలను.
నాలిక చివరిదాకా వచ్చింది ఆ మాట.
స్క్రూడ్రైవర్ అందుకున్నాను.

రికార్డింగు చెడుతుందని మాత్రం చెప్పాను.
"ఏమవుతుంది?"
"వెనక ఎవరో గొణుగుతున్నట్టుంటుంది."
"ఎవరో కాదులే" అన్నాడు జవూర్.

బిల్లులో ఆ మూల కొట్టేశాను.
బస్తా భుజానేసుకుని మెట్లు దిగుతుంటే
రెండో అంతస్తు దగ్గర, తలుపులు మూసి ఉన్నా, పాట.
గొంతులెన్నో లెక్కపెట్టబోయి
మానేశాను.
ఉన్ని మెడకి గుచ్చుకుంటోంది.
బస్తా రెండో భుజానికి మార్చుకున్నాను.