తరుగు

ఇరవై రెండేండ్ల సంది ఏనుమాముల యార్డుల దడ్వాయిని నేను.
మిర్చి బస్తాలు జోకుడు, చీటీ రాసుడు.
కాంట ముప్పైతొమ్మిదిన్నర చూపిస్తె
చీటీల ముప్పైతొమ్మిది పడ్తది.
ఆ అరకిలో తరుగు.
తాలుకాయకింత, తేమకింత, గోనెసంచికింత.
అడిగిన రైతుకు చెప్పే మాట
ఎప్పుడూ నాలుక మీదనే ఉంటది.

దసరా పోయినంక డాక్టరమ్మ
నన్నే కాంట మీద నిలబెట్టింది.
ఎనభై ఎనిమిది.
చెప్పులిడిచిన. తాళాలు, ఫోను, చిల్లర
తీసి బల్ల మీద పెట్టి మళ్లా ఎక్కిన.
ఎనభై ఏడు మీద ఆరువందలు.
“ఇగ అంగి గూడ ఇప్పుతవా?” అన్నది స్వరూప.

గప్పటిసంది పొద్దుగాల ఐదింటికి లేసి
శివనగర్ నుంచి ఖిలా దాక,
మట్టికోట కట్ట మీద, సీతాఫలం పొదల నడుమ
కుక్కలకు దారిచ్చుకుంట నడుస్త.
బిడ్డ కొనిచ్చిన గడియారం
అడుగడుగుకు లెక్క కడ్తది.
రెండువందల డెబ్బై కేలరీలు కరిగినయంటది.
ఆ అంకెను జీతం లెక్క
జేబుల ఏసుకొని ఇంటికొస్త.
ఎక్కడ ఖర్సు పెడుదునా అని
పొద్దంత చెయ్యి దురద పెడ్తది.

రెండువందల డెబ్బై అంటే
అండర్‌బ్రిడ్జి కాడ రెండు మిర్చి బజ్జీలు.
ఉల్లిగడ్డ ముక్కలు ఉత్తగనే.
శుక్రవారం తిన్నయి మూడు,
నోటుబుక్కుల రాసినయి రెండు.
ఒకటి తరుగు.

హమాలి కొమురెల్లి
నా గడియారం దిక్కు చూసిండొకనాడు.
“సారూ, నడిస్తె గది పైసలిస్తదా?”
“ఇయ్యది.”
“మరి లెక్కెందుకు?”
ఇప్పి ఆయన చేతికి కట్టిన.
గంటసేపు ఈపు మీద బస్తాలు మోసి
చెమట తుడిచి చేయి చాపిండు.
ఐదువందల ఎనభై.
నా రెండు పొద్దుల నడక కన్న ఎక్కువ.
“గీటికి ఎంత బువ్వొస్తది సారూ?”
అని నవ్వి, టిఫిను మూత తీసిండు.
తొక్కు, అన్నం. అంతే.
నేను తెచ్చుకున్న కీరకాయ ముక్కలు
డబ్బలనే ఉండిపోయినయి ఆ పూట.

ఐతారం స్వరూప సర్వపిండి చేసింది.
పల్లీలు, నువ్వులు, నానిన శెనగపప్పు,
గిన్నె అడుగుకు పిండి ఒత్తి
వేలితోటి బొక్కలు పెట్టి, బొక్కకో చుక్క నూనె.
వాసన వాకిలి దాటి వచ్చింది.
పళ్లెంల పెట్టుకుంట అన్నది:
“పదకొండు బొక్కలు. నేనే లెక్కపెట్టిన.
నీ బుక్కుల తొమ్మిదని రాయకు.”
నెల సంది ఆమె చదువుతాందని
అప్పుడెరుకైంది నాకు.

మొత్తం తిన్న.
అడుగున మాడిన పెచ్చు అంగిట్ల గీసుకపోయేదాక.
రాసిన: సర్వపిండి, నిండుది, ఒకటి.
చాన దినాలకు అబద్ధం లేని గీత.

సోమారం కాంట నాలుగువందల గ్రాములు పైకి పోయింది.
కట్ట మీదికి పోయిన. రోజటి దూరమే.
తిన్నదానికి శిక్షగ ఒక్కడుగు ఎక్కువ ఎయ్యలే.
తినలేదన్నట్టు ఒక్కడుగు తక్కువ ఎయ్యలే.

ఆ పగటీలి నర్సంపేట దిక్కు నుంచి
ఒక ముసలామె చపాటా మిర్చి తెచ్చింది.
ముప్పైతొమ్మిదిన్నర.
పెన్ను ఆగింది. అరను అరగనే రాసిన.
అడ్తి సావుకారి చీటీ చూసి
“ఏందిది, కొత్త లెక్కనా?” అన్నడు.
ఘాటుకు తుమ్మొచ్చింది. తుమ్మిన.
ఆ ఒక్క బస్తాకే.
మిగిలిన పదమూడింటికి చెయ్యి పాత అలవాటుకే పోయింది.
ఆమె చీటీ మడిచి
కొంగుల ముడేసుకొని పోయింది, అడగలే.

మళ్లొచ్చే ఐతారం పొద్దుగాల
“ఎంతున్నవ్?” అన్నది స్వరూప పొయ్యి కాడికెల్లి.
నాలుక మీదికి ఎనభై అయిదని వచ్చింది.
“ఎనభై అయిదున్నర,” అన్న.