నైట్ హాల్ట్

పొదిలి లైబ్రరీలో అట్ట ఊడిన నిఘంటువు,
హెచ్ దగ్గర తిప్పడం ఆపాను.
హాబుల్ అంటే ఆవు కాళ్లకు తాడు కట్టడమంట,
హాబుల్ అంటే కుంటడం కూడానంట.
కట్టే చేతికీ కుంటే కాలికీ ఒకటే మాట పెట్టి
సరిపెట్టుకున్నారు దొరలు.

మాకట్టా కాదు. బందం మా నాయనది,
కుంటు మా పుల్లావుది.
జొన్నచేల్లో పడుద్దని మెడకి గుదిబండ అదనం.
హాంపర్ అనొచ్చంట దాన్ని.
ఒంగోలు కొట్లో హాంపరంటే
రిబ్బను కట్టిన చాక్లెట్ల బుట్ట.

హాల్ట్ అంటే, పాత అర్థం, కుంటి.
అది చదివి తలెత్తితే ఏడున్నర.
పరిగెత్తి మా వూరి నైట్ హాల్ట్ బస్సెక్కాను.

వెనక సీట్లో మాలకొండయ్య మామ.
చీమకుర్తి క్వారీలో రాయి దిగిన కాలు
నడవలోకి చాపుకొని
సదరం కాయితం నా చేతిలో పెట్టాడు.
"ఏం రాశారో చూడమ్మే."
ముప్పై ఎనిమిది శాతం. పింఛనుకి రెండు తక్కువ.
పైన ఇంగ్లీషులో నాలుగక్షరాలు, లింప్.

"అంతేనా? బో పొట్టి మాటే."

ఊళ్లో బస్సు ఆగింది.
కండక్టరు సీట్ల మీద దుప్పటి పరుచుకుంటన్నాడు.
మామ మూడు మెట్లూ దిగేదాకా
డ్రైవరు లైట్లార్పలేదు.