ఆరు నెలలకని

బీచ్ స్టేషన్ ఎదుటి సందు మలుపులో
సాయంత్రం అయిదున్నరకి తవిటయ్య బండి మీద
స్టవ్ అంటుకుంటుంది.
పసుపు నూడిల్స్, సన్నగా తరిగిన క్యాబేజీ,
చింతపండు పులుసు, వేయించిన వెల్లుల్లి.
అత్తో అంటారు దాన్ని.
చేత్తోనే కలుపుతాడు. గరిటె పెడితే రుచి పోతుందంటాడు.
చక్రం దగ్గర ఎప్పుడూ ఓ గోధుమరంగు కుక్క.
అందరి మీదా మొరుగుతుంది, పోలీసుల మీద కూడా.
తరమడు.

పద్నాలుగేళ్లు వచ్చేదాకా రంగూన్‌లో పెరిగిన మనిషి.
నది అవతల బియ్యం మిల్లులో తండ్రి బస్తాలు మోసేవాడు.
"కోరంగోళ్లం" అని నవ్వుతాడు,
అది అక్కడ పేరో తిట్టో ఇప్పటికీ తేలనట్టు.

ఎలా పోయింది మామా మీ దేశం,
అని ఒక వానరోజు అడిగాను.
తుపాకులూ టాంకులూ చెబుతాడనుకున్నాను.
కుక్కల గురించి చెప్పాడు.

"పార్టీ రెండు ముక్కలయింది.
పెద్దాయనే సిపాయోళ్లని పిలిచీసి
ఆరు నెల్లు చూడండ్రా అన్నాడట.
ఆరు నెల్లకే బాబూ.
ఒచ్చిన వారానికి వీధులు ఊడిపించినారు.
కాలవలు తవ్వించినారు. బియ్యం ధర దిగింది.
ఇసం కలిపిన మాంసం ముక్కలు మూలమూలా పెట్టినారు.
తెల్లారేసరికి వీధిలో ఒక్క కుక్కా నేదు.
నేను అన్నం పెట్టేదొకటి ఉండీది. పేరు కూడా నేదు దానికి.
మా అమ్మ, హమ్మయ్య, చంటోడు లేవకండా పడుకున్నాడు అంది.
మొరిగేది నేదు గదా. అందరం పడుకున్నాం.
హాయిగా పడుకున్నాం.
అది చెప్పడానికే నాకు సిగ్గు."

ఆరు, పద్దెనిమిదయింది.
తర్వాత నిజంగానే తిరిగి ఇచ్చేశారు.
ఎన్నికలు, డప్పులు, పసుపురంగు పెట్టెలు.
నాన్న భుజమెక్కి చూశాడట.
"ఇచ్చీసినారు గదాని నమ్మీసినాం.
ఒకపాలి తాళం పట్టినోడికి
ఇల్లంతా తెలిసిపోద్ది బాబూ."

రెండోసారి ఎవరూ పిలవలేదు.
మార్చి నెల. రేడియోలో ఒక గొంతు.
తండ్రి ఆ ఉదయమూ పడవెక్కి మిల్లుకి పోయాడు.
సాయంత్రం కూలి ఇచ్చారు.
కూలి ఇచ్చారు కాబట్టి ఏమీ జరగలేదనుకున్నారు.
జులైలో ఓ తెల్లవారుజామున కిటికీ రెక్కలు అదిరాయి.
ఉరుమనుకున్నారు.
కాలేజీ పిల్లలు కూడుకునే మేడ ఇక లేదని
మర్నాడు తెలిసింది.
మన పిల్లలు కాదు గదా, అంది పక్కింటి సూరీడమ్మ.
ఆమెనేమీ అనడు తవిటయ్య.
"మా అందరి మాటా ఆవిడ నోటంట ఒచ్చింది, అంతే."

తర్వాత బోర్డులు మారాయి.
గాజుల కొట్టు, మందుల కొట్టు, గున్నయ్య పచారీ కొట్టు,
అన్నిటి పేర్లూ చెరిపి
ప్రజల దుకాణం నంబరు పద్నాలుగు,
ప్రజల దుకాణం నంబరు డెబ్భైరెండు.
ఊరంతా ప్రజలే, గోడల మీద.
లోపల ఉప్పు లేదు.
ఒక్క రాత్రిలో నూరు నోటు చిత్తుకాగితమైంది.
ఓడ ఎక్కేచోట అమ్మ పుస్తెలు తూచి పక్కన పెట్టారు.
రసీదు ఇచ్చారు.
వ్యాసర్పాడి ఇంట్లో, ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది.
చెమ్మకి అంకెలు పోయాయి.
ముద్ర అలాగే ఉంది.

మొన్న శుక్రవారం,
మెడలో ఆఫీసు కార్డు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు,
ఎవరితోనో మన తెలుగులోనే ఒక కుర్రాడు:
"ఈ ఓట్లూ గీట్లూ పక్కన పెట్టి
గట్టివాడొకణ్ణి కూర్చోబెట్టాల్రా.
కొన్నాళ్లేలే. మొత్తం సెట్టయిపోద్ది."

తవిటయ్య చెయ్యి గిన్నెలో ఆగింది.
వేళ్ల సందుల్లోంచి నూడిల్స్ జారాయి.
ఏదో అంటాడని చూశాను.
స్టవ్ తగ్గించాడు. చెయ్యి తుడుచుకున్నాడు.
"ఎన్ని నెల్లకి బాబూ?" అన్నాడు.

కుర్రాడికి 'ఎన్ని' ఒక్కటే వినబడినట్టుంది.
ఒక చెవిలోది తీసి,
"ఒకటే అంకుల్," అన్నాడు,
"గుడ్డేసి."